నాకు బెరుకే లేదు

"గొంతే తనది కానప్పుడు రాత మాత్రం తనదెలా అవుతుందండీ" అన్నాడు పట్టాభిరామయ్య. అని, కాఫీ గ్లాసు స్టూలు మీద పెట్టి, తన మాటకు తనే మురిసిపోతూ సత్యలక్ష్మి ముఖంలోకి చూశాడు.

ఫిల్మ్ నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటరు వరండా అది. తొంభైమూడు జూలై. లోపల ఏదో రీలు మారుస్తున్నారని సత్యలక్ష్మి కాసేపు బయటికొచ్చి కూర్చుంది. ఆవిడ డబ్బింగ్ ఆర్టిస్టు. పేరు చెబితే గుర్తుపట్టేవాళ్ళు పదిమంది ఉండరు. నోరు తెరిస్తే గుర్తుపట్టనివాళ్ళు ఉండరు. మంజులత అనే హీరోయిన్ పంతొమ్మిదేళ్ళుగా తెర మీద ఏడ్చిన ఏడుపులూ, నవ్విన నవ్వులూ, మెట్ల మీంచి దొర్లిపడుతూ పెట్టిన కేకలూ అన్నీ ఈవిడ గొంతులోంచి వచ్చినవే. మంజులతది బొంగురు గొంతని, హీరోయిన్‌కి పనికిరాదని మద్రాసులో మొదటి సినిమాకే తేల్చేశారు. అప్పటికి ఆ పిల్లకి పదమూడేళ్ళు. సత్యలక్ష్మికి ఇరవైనాలుగు. అప్పట్నించీ మొహం ఆవిడది, గొంతు ఈవిడది.

ఇప్పుడా మంజులత నవల రాసింది. అదీ పెద్దవాళ్ళ కోసం కాదు, పదమూడు పద్నాలుగేళ్ళ ఆడపిల్లల కోసం. పట్టాభిరామయ్య పబ్లిషరు, దాన్ని అచ్చేశాడు.

సినిమా తారలు చీరల కొట్లకి రిబ్బన్లు కత్తిరిస్తారు, తుఫాను వస్తే జోలె పట్టి తిరుగుతారు, ఎలక్షన్లొస్తే జీపెక్కుతారు. వాటన్నిటికీ జనం ఎప్పుడో అలవాటు పడిపోయారు. నవల అనేసరికి మాత్రం ఫిల్మ్ నగర్ మొత్తం ముక్కున వేలేసుకుంది. అయిదో తరగతిలో బడి మానేసిన మనిషి, పుస్తకం చదువుతుండగా ఏనాడూ ఎవరూ చూడని మనిషి, పిల్లలకి నవల రాయడమేమిటి? వెనక ఎవరో ఉన్నారు. ఎవరై ఉంటారు? మేకప్ రూముల్లో అయిదు నిమిషాల్లో తేల్చేశారు. సినిమాల్లో వెనక ఎవరున్నారో ఇక్కడా వాళ్ళే.

"మీరే కదా రాసింది" అన్నాడు పట్టాభిరామయ్య గొంతు తగ్గించి. "నవల్లో ఆ పిల్ల తెలంగాణా యాస మాట్లాడుతుంటే మొదట కాస్త తికమకపడ్డానండీ. మీదేమో రేపల్లె. మళ్ళీ అనుకున్నాను, డబ్బింగ్ చెప్పే మనిషికి ఏ యాసైతేనేం, ఇట్టే పట్టేస్తారని."

సత్యలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? తొమ్మిదేళ్ళపాటు, రీలుకీ రీలుకీ మధ్య దొరికిన ఖాళీల్లో, ఇలాంటి వరండాల్లో కూర్చుని ఆవిడ కూడా ఒక నవల రాసింది. అదీ ఆ వయసు ఆడపిల్లల కోసమే. పట్టాభిరామయ్య దాన్ని రెండుసార్లు తిప్పి పంపాడు. రాత చాలా బావుందండీ, కానీ పేరు చూసి కొనే రోజులు కదా అన్నాడు. అదే మనిషి మంజులత నవలని చదవకుండానే కంపోజింగుకి పంపాడట. మొహానికి రంగేసుకున్న వాళ్ళు రాస్తే నవల, మేము రాస్తే చిత్తుకాగితమా అని వారం రోజులుగా ఆవిడ లోపల్లోపల రగిలిపోతూనే ఉంది. ఇప్పుడీ మనిషి వచ్చి, రాసింది నువ్వే కదా అంటున్నాడు.

కాదండీ, నేను ఆ పుస్తకం మొహమే చూడలేదు అనడానికి నోరు తెరిచింది కూడా.

"మీరు ఔననక్కర్లేదు" అన్నాడాయన. "కాదనకుండా ఉంటే చాలు. మీ నవల దసరాకి వేస్తాను, మీ పేరు మీదే. మంజులత నవల వెనకున్న చెయ్యి ఇదేనని లోకానికి దానంతటదే తెలిసిపోతుంది. ఆ ఇంకో పుస్తకానికి వచ్చిన పేరంతా మీదవుతుంది."

తెరిచిన నోరు అలాగే కాసేపు ఉండిపోయింది. తర్వాత సత్యలక్ష్మి నవ్వింది. పెద్ద నవ్వేం కాదు, పెదాల చివర ఒక చిన్న వంపు. గుట్టు బయటపడినప్పుడు హీరోయిన్‌కి ఆవిడే వేసే నవ్వు అది. పట్టాభిరామయ్యకి అంతే కావాలి. ఆవిడ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు, నిజమే. ఆ మాట ఆవిడ తనకు తాను ఆ రోజంతా చెప్పుకుంటూనే ఉంది.

ఆయన వచ్చిన పని ఇంకొకటుంది. నవల విడుదల రహమత్ నగర్‌లో ఒక ఆడపిల్లల బడిలో పెట్టారు. చోటు మంజులతే ఎంచుకుందట, ఎందుకో ఆయనకి తెలియదు. అక్కడ ఆవిడ ఒక అధ్యాయం చదివి వినిపించాలి. మైకు ముందు ఆ బొంగురు గొంతు విప్పితే మొత్తం అభాసయిపోతుంది కదా. అందుకని అధ్యాయాన్ని సత్యలక్ష్మి ముందే టేపు మీద చదవాలి. పాటకి కదిపినట్టే మంజులత స్టేజీ మీద పెదాలు కదుపుతుంది. బయటివాళ్ళు వింటే నవ్వుతారు గానీ, ఫిల్మ్ నగర్‌లో ఇది ఎవరికీ వింతగా తోచలేదు. మంజులతకీ తోచలేదు. మనిషి ఒకచోట, గొంతు ఒకచోట ఉండటం వాళ్ళకి అన్నం తిన్నంత మామూలు.

పుస్తకం తీసుకుని సత్యలక్ష్మి బస్సెక్కి మోతీనగర్‌లో ఇంటికొచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలు. భర్త బ్యాంకు నుంచి రావడానికి ఇంకా టైముంది. కిటికీ పక్కన కూర్చుని పెన్సిలు తీసింది. చదవాల్సిన కాగితం మీద గుర్తులు పెట్టుకోవడం ఆవిడ అలవాటు. చిన్న ఊపిరికి ఒక గీత, పెద్ద ఊపిరికి రెండు, గొంతు జీర పోవాల్సిన చోట ఒక సున్నా. ఎక్కడెక్కడ తప్పులున్నాయో చూసి తృప్తిగా నవ్వుకుందామనే మొదలుపెట్టింది.

తప్పులున్నాయి. ఒక పేరాలో ఉన్న మనిషి తర్వాతి పేరాలో చెప్పాపెట్టకుండా మాయమైపోతుంది. వాక్యాలు పొట్టిపొట్టిగా, రాళ్ళు ఏరి పక్కన పడేసినట్టున్నాయి. కానీ పది పేజీలయ్యాక సత్యలక్ష్మి పెన్సిలు వేళ్ళ మధ్య కదలడం మానేసింది. నలభై పేజీలయ్యాక కిటికీలోంచి జల్లు పడి చీర కుచ్చిళ్ళు తడుస్తున్నా లేవలేదు.

కథేం పెద్దది కాదు. కొండ మీద రాళ్ళు కొట్టే లక్ష్మయ్య కూతురికి పదమూడేళ్ళు. బండల దగ్గరికి షూటింగ్‌వాళ్ళొస్తే నీళ్ళ బిందె తీసుకెళ్తుంది, ఎవరో చూస్తారు, మద్రాసు తీసుకెళ్తారు. అంతవరకూ ఎవరైనా రాస్తారు. పిల్ల మాత్రం ఎవరూ రాయనిది. తనకి చీర కట్టిన మొదటి రోజున, నాన్న వయసున్న హీరో బుగ్గ పట్టుకుంటే ఆ చేతికి పొగాకు వాసన వస్తుందని చెబుతుంది. ఆ రోజే తను పెద్దమనిషయిందనీ, షాటు ఆపమని చెప్పడానికి మాట తెలియక సాయంత్రం దాకా అలాగే నిలబడిందనీ చెబుతుంది. ఎక్కడా నన్ను చూసి జాలిపడండి అనదు. దీనికి ఏం చెయ్యాలో మీకు తెలిస్తే చెప్పండి, నాకు తెలియలేదు అంటుంది, చదివే పిల్లల్నే అడుగుతున్నట్టుగా.

సున్నా పెట్టడానికి సత్యలక్ష్మికి ఒక్క చోటు దొరకలేదు. ఆ పుస్తకంలో గొంతు జీర పోయే చోటే లేదు.

చదవమన్నది ఏడో అధ్యాయం. అందులో షూటింగు. రాత్రిపూట కొండ మీద హీరోతో లేచిపోయే సీను. పిల్లకి డైలాగు నోటికి రావడం లేదు. నోరు కదిపితే చాలు, మాటలు తర్వాత వేసుకుంటాం అన్నారు. గాలి మిషను పెట్టారు, చెవులు గింగురుమంటున్నాయి. కెమెరా పక్కన తల్లి నిలబడి ఉంది. పిల్ల తల్లి కళ్ళలోకి చూస్తూ అన్నది:

"అమ్మా, ఇంటికి పోదాం పా. నాకు బుగులైతుంది."

బుగులంటే వాళ్ళ యాసలో భయం. సత్యలక్ష్మి ఆ రెండు ముక్కలూ మళ్ళీ చదివింది.

ఆ సీను ఆవిడకి తెలుసు. తెలియడమేమిటి, ఆవిడ బతుకులో మొదటి గెలుపు అది. కోడంబాకం థియేటర్లో ఆ ముక్క మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. లొకేషన్లో పట్టిన సౌండంతా గాలి మిషను హోరే, మాటొక్కటీ వినిపించదు. కాగితం మీద రాసిన డైలాగు ఆ పెదాలకి అతకడం లేదు. ప, బ, మ అన్నప్పుడు పెదాలు మూతపడతాయి. డబ్బింగ్‌లో అవి కుదిరితే మిగిలినవి ఎలాగో సర్దుకుంటాయి, అవి తప్పితే జనం పట్టేస్తారు. ఈ పిల్ల ఏం గొణిగిందిరా బాబూ అని డైరెక్టరు తల పట్టుకున్నాడు. ఇరవై టేకులయ్యాక సత్యలక్ష్మి భయపడుతూ, సార్, కొంచెం మార్చి చెప్పనా అంది. చెప్పింది:

"నమ్మా నిన్నే. ప్రాణం పోనీ, నాకు బెరుకే లేదు."

చెక్కినట్టు కుదిరింది. థియేటర్లో అందరూ చప్పట్లు కొట్టారు. ఈ పిల్లకి మాట కూర్చడం వచ్చు అన్నాడు డైరెక్టరు. సినిమా ఆడినన్నాళ్ళూ ఆ డైలాగు ఊరూరా మోగింది, రిక్షాల వెనక రాయించుకున్నారు. నేను రాయగలను అని సత్యలక్ష్మి అనుకున్నది ఆ రోజే. తొమ్మిదేళ్ళ నవలకి విత్తనం పడింది అక్కడే.

ఇప్పుడు ఆవిడ కిటికీ పక్కన కూర్చుని రెండు వాక్యాల్నీ ఒకదాని తర్వాత ఒకటి పెదాలతో పలికి చూసుకుంది, గొంతు లేకుండా. అమ్మా, నమ్మా. పోదాం పా, ప్రాణం పోనీ. బుగులైతుంది, బెరుకే లేదు. రెండుసార్లూ పెదాలు ఒకే చోట మూతపడ్డాయి, ఒకే చోట తెరుచుకున్నాయి. ఆ పెదాల వంక ఆవిడ ఆ రోజు యాభైసార్లు చూసింది. ఎక్కడ మూసుకుంటున్నాయో చూసిందే గానీ ఏమంటున్నాయో చూడలేదు.

మర్నాడు పొద్దున్నే జూబ్లీహిల్స్‌లో మంజులత ఇంటికి వెళ్ళింది. పంతొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరూ ఎదురుపడింది ఏడెనిమిది సార్లు. మొహమూ గొంతూ ఒకచోట కనపడితే జనానికి భ్రమ పోతుందని ప్రొడ్యూసర్లు ఎదురుపడనిచ్చేవాళ్ళు కాదు. పత్రికలు మంజులతది రాజమండ్రి అని రాసేవి. ఆవిడా కాదనలేదు. బయట ఇంటర్వ్యూల్లో రెండు ముక్కలు మాట్లాడి, గొంతు బాగాలేదని చేత్తో చూపించి తప్పించుకునేది.

మంజులత డాబా మీద ఉంది. ఒంటి మీద నగా నట్రా లేదు, పాత వాయిలు చీర. సత్యలక్ష్మిని చూసి లేచి నిలబడింది.

"రండి, కూర్చోండి" అంది జాగ్రత్తగా, పరాయి భాషలా. గొంతు నిజంగానే బొంగురు.

"ఏడో అధ్యాయంలో ఒక మాట అడగాలి" అంది సత్యలక్ష్మి. బస్సులో నాలుగు రకాలుగా అనుకుని వచ్చింది గానీ అవన్నీ ఎటో పోయాయి. "ఆ పిల్ల అమ్మతో అన్న మాట. అది నిజంగా జరిగిందా?"

 మంజులత మాట్లాడేసరికి రాజమండ్రి ఎటుపోయిందో పోయింది.

"నిజమే అక్కా. మా అమ్మ గాడ కెమెరా పక్కపొంటి నిలబడ్డది. ఆమెను చూసుకుంట అన్న. నోరు కదిపితె సాలన్నరు గదా, ఏమన్నా ఎవలకు ఇనబడదని అన్న."

"అమ్మకి వినపడిందా?"

"ఏడ ఇనబడ్తది, గంత మోతల. ఇనబడ్డా ఏం జేస్తది, పాపం. అప్పటికే మా నాయిన మంచాన పడ్డడు." మంజులత పిట్టగోడ మీద చెయ్యేసి కిందికి చూసింది. కొండ కింద రహమత్ నగర్ ఇళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని కనిపిస్తున్నాయి. "అగో, ఆ నీళ్ళ ట్యాంకు అవతల ఉండె మా గుడిసె. గీడికెల్లి నడుస్తె పది నిమిషాలు. పందొమ్మిదేండ్ల సంది పోలే. హీరోయిన్ గాడికెల్లి వచ్చిందంటె బాగుండదన్నరు."

 ఆ డైలాగు మార్చింది నేనే అని సత్యలక్ష్మి చెప్పాలి. చెప్పకుండా ఆవిడా ఆ ట్యాంకు వైపే చూసింది.

"తర్వాత సినిమా సూసిన" అంది మంజులతే. "తెర మీద నా నోట్లకెల్లి నీ గొంతు వచ్చింది. నాకు బెరుకే లేదు అన్నది. ఎంత మంచిగ అన్నవక్కా. నేను గూడ నమ్మిన. నాకు బుగులు లేదు గావచ్చు, నేనే ఉత్తగ అనుకుంటున్న అనుకున్న. అటెన్క ఎవలేం జేసినా గట్లనే ఊకున్న. నాకు బుగులు లేదు గదా అని."

కోపంగా అని ఉంటే సత్యలక్ష్మి తట్టుకునేది. మెచ్చుకుంటున్నట్టే అంది. సత్యలక్ష్మికి నిలువునా సిగ్గేసింది. తను ఇన్నేళ్ళూ గర్వంగా చెప్పుకున్న ఒకే ఒక్క వాక్యం ఒక పసిపిల్ల నోరు నొక్కిన చెయ్యి అని అప్పుడు అర్థమైంది.

"మరి ఇది మీరే చదవకూడదా?" అని మాత్రం అనగలిగింది.

"నవ్వుతరు. పెద్దోళ్ళు నవ్వితె ఏం ఫికర్ లేదు. గా పోరీలు నవ్వితె నాకు చాత గాదు. రాసేటప్పుడు బుగులు గాలే అక్కా, సదవాలంటెనే అయితుంది." ఆగి, మామూలుగా అంది. "రాసింది నువ్వేనంటున్నరంట అందరు. నువ్వైతె గట్ల చెప్పవు, నాకెర్కే."

సత్యలక్ష్మి టైమవుతోందని లేచింది. ఇంటికొచ్చేదాకా ఆ మాట వెంటపడి వచ్చింది.

అయినా మర్నాడు వెళ్ళి టేపు చదివింది. మనిషి సిగ్గు సిగ్గే, ఆశ ఆశే. దసరాకి ఇంకా మూడు నెలలు. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన పుస్తకం, తన పేరు మీద. ఎవరికీ నష్టం లేదు కదా, మంజులతకి పేరుకేం తక్కువ అని సర్దిచెప్పుకుంది. మైకు ముందు నిలబడగానే గొంతు తన పని తాను చేసుకుపోయింది. నాకు బుగులైతుంది అన్న మాట కూడా తేనెలో ముంచి తీసినట్టు వచ్చింది, ఏదో హీరోయిన్ సిగ్గుపడుతున్నట్టు.

"సూపర్ మేడమ్" అన్నాడు సౌండింజనీరు బాలనర్సయ్య అద్దం అవతల నుంచి. "కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్."

ఇంకో టేకు చేద్దామంది. ఇంకోటి, ఇంకోటి. ఎన్నిసార్లు చదివినా అదే తియ్యదనం. ఆ గొంతుకి వేరేగా అనడం రాదు. అంతకుముందు రోజు సగం రాత్రి దాకా తన సొంత నవల తీసి చూసుకుంటే అందులో పిల్లా అలాగే మాట్లాడుతోంది. పద్నాలుగేళ్ళది, దేనికీ భయపడదు, ప్రతి పేజీలోనూ చక్కటి మాట ఒకటి అంటుంది.

శనివారం పొద్దున్న పదిగంటలకి బడి ఆవరణలో షామియానా వేశారు. రెండువందల మంది ఆడపిల్లలు నేల మీద జంబుఖానాల మీద కూర్చున్నారు, రెండు జడలు, నీలం రిబ్బన్లు. స్టేజీ పక్కన తెర కట్టి, దాని వెనక టేపురికార్డరూ బాలనర్సయ్యా, ఒక కుర్చీలో సత్యలక్ష్మీ. ఆవిడ ఒళ్ళో ఇంకో మైకు ఉంది. టేపు ఎక్కడైనా ఇరుక్కుంటే అందుకోవడానికని పట్టాభిరామయ్య ముందుజాగ్రత్త. ఆయన కూడా పక్కనే నిలబడ్డాడు.

టేపు తిరిగింది. మంజులత మైకు ముందు పుస్తకం పట్టుకుని పెదాలు కదిపింది. ఒక్క అక్షరం తేడా రాలేదు. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు, అచ్చం సినిమా చూస్తున్నట్టే. తెర సందులోంచి సత్యలక్ష్మి వాళ్ళ మొహాలు చూసింది. మంజులతని చూస్తున్నారు, చీర చూస్తున్నారు, కళ్ళు చూస్తున్నారు. కథ వింటున్నవాళ్ళు ఎవరూ లేరు. నాకు బుగులైతుంది అన్న చోట వెనక వరసలో ఇద్దరు కిచకిచమని నవ్వుకున్నారు. అంత ముద్దుగా ఉంది మరి ఆ బుగులు.

చప్పట్లయిపోయాయి. ఇక దండలేసి ఫొటోలు తీయడమే. అప్పుడు మూడో వరసలోంచి ఒక పిల్ల లేచి నిలబడింది. బక్కపల్చటి పిల్ల, చేతిలో పుస్తకం. బడికి ముందే పంచిన కాపీల్లో ఒకటి, అప్పటికే అట్ట నలిగిపోయింది. టీచరు కూర్చోమని సైగ చేసినా కూర్చోలేదు.

"మేడమ్, నా పేరు కౌసల్య, తొమ్మిదో తరగతి. ఈ బుక్కు మొత్తం సదివిన. ఆకర్కు ఏమైందో రాయలే. ఆ పిల్ల మల్ల ఇంటికొచ్చిందా?"

టేపులో దీనికి జవాబు లేదు.

మంజులత పెదాలు విడివడ్డాయి. మాట రాలేదు. తల కొంచెం తెర వైపు తిరిగింది. పంతొమ్మిదేళ్ళ అలవాటు అది. తను పెదాలు తెరిస్తే మాట ఎక్కడినుంచో వస్తుంది. సత్యలక్ష్మికీ అదే అలవాటు. ఆ పెదాలు విడివడగానే ఆవిడ ఛాతీ ఊపిరితో నిండింది, చెయ్యి తనంతట తనే మైకెత్తింది.

"చెప్పండి" అని గొణిగాడు పట్టాభిరామయ్య చెవిలో. "ఏదో ఒకటి, మీరైతే చక్కగా చెబుతారు. తొందరగా."

చక్కగా చెప్పగలదు. జవాబు అప్పటికే నాలుక మీదికి వచ్చేసింది, పెద్దగా ఊపిరి తీసి మొదలుపెట్టే వాక్యం, కళ్ళనీళ్ళు తెప్పించే వాక్యం. షామియానా మొత్తం మళ్ళీ చప్పట్లు కొడుతుంది. సత్యలక్ష్మి మైకుకున్న మీట కిందికి నొక్కి ఆపేసి, దాన్ని ఒళ్ళో బోర్లించి పెట్టింది.

"అమ్మా, మీకేమైనా మతి పోయిందా" అన్నాడు పట్టాభిరామయ్య.

స్టేజీ మీద మంజులత ఎదురుచూసింది. పిల్లలు గుసగుసలు మొదలుపెట్టారు. మంజులత తెర సందులోకి చూసింది, సత్యలక్ష్మి కళ్ళు కనబడ్డాయి. సత్యలక్ష్మి అడ్డంగా తలూపింది. ఇక మాట రాదని మంజులతకి అర్థమైంది. పుస్తకం మూసింది.

"వచ్చింది బిడ్డా" అంది మంజులత. షామియానాలో బొంగురు గొంతు మోగింది. "ఇయ్యాల్నే వచ్చింది."

ముందు వరసలో ఎవరో పకపకా నవ్వారు. నవ్వు పాకింది. హీరోయిన్‌కి జలుబు చేసిందనుకున్నారు కొందరు. మంజులత మొహం తెల్లబోయింది గానీ ఆగలేదు. నీళ్ళ ట్యాంకు వైపు చెయ్యి చూపించింది.

"గా ట్యాంకు అవతల ఉండె మా ఇల్లు. మా నాయిన లక్ష్మయ్య, రాళ్ళు కొడ్తుండె. నేను గీ సందులల్లనే ఆడుకున్న. పోయి పందొమ్మిదేండ్లయింది. వద్దామంటె బుగులయ్యేది."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "మన లెక్కనే మాట్లాడ్తుందే" అంది ఒక పిల్ల పక్కదానితో, అందరికీ వినపడేలా. మంజులత ఏడో అధ్యాయం మళ్ళీ తెరిచి, తన గొంతుతో చదవడం మొదలుపెట్టింది. తడబడింది. ఒక వరస రెండుసార్లు చదివింది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియక వాక్యం మధ్యలో తీసుకుంది. అమ్మా ఇంటికి పోదాం పా అన్నప్పుడు కౌసల్య పుస్తకం గుండెలకి అదుముకుంది. ఈసారి ఎవరూ మంజులత చీర చూడలేదు. సత్యలక్ష్మి తెర వెనక కూర్చుని విన్నది. పంతొమ్మిదేళ్ళ కిందట వినాల్సిన మాట ఇప్పుడు విన్నది, వింటూ ఏడ్చింది. ఆ ఏడుపు ఎవరి పెదాలకీ సరిపోయేది కాదు.

చదవడం అయ్యాక కౌసల్య ఇంకా నిలబడే ఉంది.

"ఇది మీరే రాసిన్రా మేడమ్? వేరేటోళ్ళు రాసిచ్చిన్రని మా మామ అన్నడు."

మంజులత మళ్ళీ తెర వైపు చూసింది. ఈసారి గొంతు కోసం కాదు. నువ్వైతే గట్ల చెప్పవు, నాకెర్కే అన్న చూపు అది.

సత్యలక్ష్మి కళ్ళు తుడుచుకుని లేచింది. పట్టాభిరామయ్య మోచెయ్యి పట్టుకున్నాడు. "దసరా" అన్నాడు, ఆ ఒక్క మాటే. ఆవిడ చెయ్యి విడిపించుకుని స్టేజీ మీదికి వచ్చింది. ఆవిడ ఎవరో పిల్లలకి తెలియదు. నలభై దాటిన లావుపాటి మనిషి, నేత చీర, కళ్ళజోడు. నోరు తెరవగానే షామియానా అంతా ఉలిక్కిపడింది.

"ఇందాక మీరు విన్న గొంతు నాదమ్మా" అంది. "సినిమాల్లో వినేదీ నాదే. రాత మాత్రం నాది కాదు, ప్రతి అక్షరం ఈవిడదే. నేను రాశానని ఒకాయన అంటే కాదనకుండా నవ్వి ఊరుకున్నాను. అది తప్పు." ఆగింది. ఇది చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. "ఇంకో తప్పుంది. ఆ రోజు కొండ మీద ఈ పిల్ల నాకు బుగులైతుంది అంది. నాకు బెరుకే లేదు అని దాని మీద మాట వేసింది నేను. ఆ మాట కూర్చింది కూడా నేనే."

పిల్లలకి సగం అర్థమైంది, సగం కాలేదు. మంజులతకి మొత్తం అర్థమైంది. ఆ వాక్యం ఎవరిదో ఇన్నాళ్ళూ ఆమెకి తెలియదు. చాలాసేపు సత్యలక్ష్మి వంక చూసింది. అక్కా అనలేదు, దగ్గరికి తీసుకోలేదు. తలొంచుకుని, కౌసల్య చాపిన పుస్తకం మీద తన పేరు రాసింది. సినిమా పేరు కాదు, ఇంట్లో పెట్టిన పేరు.

సోమవారం సత్యలక్ష్మి నవల మూడోసారి తిరిగొచ్చింది. ఈసారి ఉత్తరం లేదు. ఆవిడ కట్ట విప్పకుండా బీరువా అడుగున పెట్టింది. ఏడవలేదని అనలేం, ఆ రోజు భర్తకి అన్నం వడ్డిస్తూ ఏడ్చింది. కారణం అడిగితే ఉల్లిపాయలంది.

వారం తర్వాత డబ్బింగ్‌కి పిలుపొచ్చింది. కొత్త సినిమా, కొత్త హీరోయిను. ఎక్కడినుంచి తెచ్చారో, పద్నాలుగేళ్ళు కూడా ఉంటాయో లేదో. తెర మీద ఆ పిల్ల చెట్టుకి ఆనుకుని ఏదో అంటోంది. సత్యలక్ష్మి చేతిలో డైలాగు కాగితం ఉంది, ఊపిరి గీతలు పెట్టి ఉంది.

"మేడమ్, రెడీనా? టేక్ పోదామా?" అన్నాడు బాలనర్సయ్య.

"ఆగు. షూటింగ్‌లో పట్టిన సౌండు ముందు ఒకసారి నా హెడ్‌ఫోన్లో పెట్టు."

"గదెందుకు మేడమ్? అంత గోల ఉంటది అండ్ల. కాయితం ఉంది గదా."

"కాయితం చూశాను నాయనా" అంది సత్యలక్ష్మి. "పిల్ల ఏమంటోందో వినాలి."

బాలనర్సయ్య విసుక్కుంటూ టేపు వెనక్కి తిప్పాడు. ఆవిడ కాగితం పక్కన పెట్టి, హెడ్‌ఫోను రెండు చేతులతో చెవులకి అదుముకుని, ఆ పెదాల వంక చూస్తూ కూర్చుంది.